చాప కింద లూపే

సమోవా దీవుల రాజధాని అపియాలో, వచ్చేపోయేవాళ్ళకి అక్కడి బతుకు చూపించడానికి కట్టిన పల్లె. అందులో ఒక గుండ్రటి ఇంటి ముందు, తడిసిన పచ్చిక మీద, నెత్తి మీంచి మోకాళ్ళ దాకా చాప కప్పుకుని లూపే కూర్చుని ఉంది. గోడల్లేని ఆ ఇంటికి చుట్టూ కొబ్బరాకు తెరలు దించి ఉన్నాయి. తెరల వెనక, ఆ పల్లెలోనే పనిచేసే ఆమె ఆడపడుచు పెనీనా. పెనీనా కూతురు తిరేసా పరుగున వచ్చి, వంగి, చాప కిందికి తల దూర్చింది.

"అత్తయ్యా! ఏం చేశారు మీరు? అసలేం చేశారు?"

"ముందు ఆ తల బయటికి తియ్యి. ఇరుగ్గా ఉంది."

"తియ్యను. చెప్పండి."

"ఏం చెప్పాలే? వాన పడింది. చాప కప్పుకున్నా. అంతే."

"అంతేనా?"

"అంతే."

"సన్నచాపా? మీ అమ్మమ్మ ఏళ్ళ తరబడి కూర్చుని నేసిన సన్నచాపని గొడుగులా వేసుకున్నారా?"

"చేతిలో అదే ఉంది. అరిటాకు కోసుకొచ్చేదాకా వాన ఆగుతుందా?"

"సరే, వాన. మరి ఇక్కడెందుకు కూర్చున్నారు? ఇన్ని ఇళ్ళుండగా సరిగ్గా మా అమ్మ గుమ్మం ముందు?"

"కాలు మడతపడింది."

"ఏ కాలు?"

"ఎడమ కాలు."

"మీరు పట్టుకున్నది కుడికాలు అత్తయ్యా."

"అదీ పడింది."

"మరి తల ఎందుకు వంచుకున్నారు?"

"కాలు ఎక్కడుంటుందే? కిందేగా? చూసుకుంటున్నా."

"బావుంది. నెత్తిన సన్నచాప, వంచిన తల, తగువున్న ఇంటి గుమ్మం. ఇది చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుందో మీకు తెలుసా?"

"పెద్దావిడకి కాలు మడతపడిందనిపిస్తుంది."

"ఇఫోంగా అనిపిస్తుంది."

"ష్! ఆ మాట ఎత్తకు."

"లూపే ఇఫోంగాకి కూర్చుంది, తప్పయిపోయిందని ఆడపడుచు ముందు తల వంచింది అని..."

"నేనా? ఆవిడ ముందా? తప్పయిపోయిందనా? ఎవరే అన్నది?"

"అందరూ! నేను పచ్చబొట్ల ఇంటి దగ్గర, పల్లె చూడ్డానికొచ్చిన చుట్టాలకి సూదులు చూపిస్తున్నా. వాన మొదలైంది, అందర్నీ చూరు కిందికి తోలుతున్నా. ఇంతలో నేత ఇంటివాళ్ళు ఒకటే కేకలు. తిరేసా, మీ అత్తయ్య ఇఫోంగాకి కూర్చుంది, తిరేసా, మీ అత్తయ్య ఇఫోంగాకి కూర్చుంది అని. చెప్పులు కూడా అక్కడే వదిలేసి వచ్చా."

"వాళ్ళకి పనేముంది? సరే, జరుగు, నేను లేస్తా."

"లేవకండి!"

"అబ్బా, నా చెవి!"

"లేవకండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతా. చాప ఎత్తాల్సింది అమ్మ. మీరే తీసుకుని లేచారో, నువ్వు క్షమించినా ఒకటే, క్షమించకపోయినా ఒకటే అని అమ్మ మొహం మీద చెప్పి పోయినట్టు. ఇప్పుడున్న తగువుకి అదొకటి తోడు."

"కాళ్ళు తిమ్మిరెక్కాయే."

"మడతపడ్డాయన్నారు?"

"మడతపడి తిమ్మిరెక్కాయి."

"అమ్మ వచ్చి ఎత్తేదాకా ఇంతే. రాకపోతే సాయంత్రం దాకా ఇంతే."

"సాయంత్రం దాకానా! ... ఒసే తిరేసా."

"ఏం?"

"బయట ఎవరెవరున్నారే?"

"అందరూ."

"అందరంటే?"

"నేతవాళ్ళు, చెక్కపని చేసేవాళ్ళు, తాగడానికి అవా కలిపేవాళ్ళు. పచ్చబొట్టు పొడిపించుకుంటున్నాయన కూడా ఒక పక్క నడుము పూర్తయి ఒక పక్క ఖాళీగా లేచొచ్చేశాడు. కూర్చోలేడు కదా పాపం, బ్రెడ్‌ఫ్రూట్ చెట్టుకి ఆనుకుని చూస్తున్నాడు."

"పోయింది. నా పరువు పోయింది. మీ మావయ్య చెవిన పడకముందే..."

"మావయ్య మీ వెనకే ఉన్నాడు."

"నా వెనకా?"

"సరిగ్గా మీ వెనక. మోకాళ్ళ మీద."

"ఆయనెందుకే?"

"పెళ్ళాం ఇఫోంగాకి కూర్చుంటే మొగుడు ఉమూ రాళ్ళపొయ్యి దగ్గర అరటికాయలు కాల్చుకుంటూ ఉంటాడా? ఒకటే పరుగు. ఆ కంగారులో చేతిలో ఉన్న రాళ్ళూ కట్టెలూ పట్టుకునే వచ్చేశాడు. తెచ్చి మీ ముందు పెట్టాడు."

"రాళ్ళూ కట్టెలా? నా ముందా? ఓరి దేవుడా, అట్లా పెట్టడమంటే..."

"తెలుసు. మేం నీ ముందు పందులం, కాల్చుకు తిన్నా సరే అని. పాతకాలం వాళ్ళు చేసినట్టే చేశాడని అవా కలిపే పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. మావయ్యకి ఆ ధ్యాసే లేదు. చేతిలోవి ఎక్కడ పెట్టాలో తెలీక పెట్టాడు."

"పొమ్మని చెప్పు."

"ఏడుస్తున్నాడు."

"ఎవరు? సియావోసీనే?"

"పొగ అంటున్నాడు. పొగ అటు పోతోంది, ఆయన ఇటున్నాడు."

"మా పెళ్ళి రోజు కూడా ఏడవలేదే ఆ మనిషి!"

"మా అక్కా నా పెళ్ళామూ కలిసి నన్ను మధ్యలో పెట్టి నలిపేశారు, ఈ రోజుతో నా ప్రాణం సుఖపడింది అంటున్నాడు. ఇప్పుడెళ్ళి, కాదు మావయ్యా, వాన పడితే చాప కప్పుకుందట అని చెప్పనా?"

"... వద్దులే. కాసేపు ఏడవనీ."

"ఇంకోటుంది."

"ఇంకానా!"

"న్యూజీలాండ్ నుంచి వచ్చిన చుట్టాలు ఇదీ మన కార్యక్రమమే అనుకున్నారు. వాళ్ళలో పూల చొక్కా వేసుకున్న లావుపాటాయన ఒకాయన, అరిటాకు నెత్తిన వేసుకుని మావయ్య పక్కనే కూర్చున్నాడు."

"ఆయనేం తప్పు చేశాడే?"

"వాళ్ళావిడనడిగితే చాలా చెప్పింది."

"నవ్వించకే! చాప కదిలితే అందరికీ తెలుస్తుంది."

"ఏడుస్తున్నారనుకుంటారులెండి. మంచిదే. ఇది రోజూ ఉంటుందా అని అడిగారు. ఏం చెప్పాలో తోచక మంగళవారాలు మాత్రమే అని చెప్పా."

"తిరేసా!"

"వచ్చే మంగళవారం వాళ్ళ అత్తగారిని తీసుకొస్తారట."

"నిన్ను నేను... లేచానంటే నిన్ను..."

"లేవలేరుగా. సరే, నవ్వింది చాలు. అత్తయ్యా, అమ్మ రేపు పొద్దున పడవకి సవాయి దీవికి వెళ్ళిపోతోంది. మా అక్క దగ్గరికి. ఉండిపోడానికి. ఈ పల్లెలో పని ఇవాళే ఆఖరు. తెలుసుగా?"

"నాకెవరు చెప్తారు?"

"నిన్న మావయ్య చెప్పాడట."

"నేను వినలేదు."

"చెప్పిన తర్వాత మీరు తారో దుంప కూడా ముట్టలేదనీ చెప్పాడు."

"కడుపు బాలేదు."

"ఒక్క మాట అత్తయ్యా. ఒక్క మాటకి ఇంత దాకా వచ్చింది."

"ఏమన్నానే నేను? అడిగా. వదినా, ఈ పలుసామిలో డబ్బా పాలు పోశావా అని అడిగా. అడిగితే తప్పా?"

"ఎక్కడ అడిగారు? ఆదివారం గుడి అయ్యాక, పాస్టరుగారింట్లో, భోజనాల దగ్గర! పాస్టరమ్మ నోట్లో ముద్ద పెట్టుకోబోతుంటే! పెరటి నిండా కొబ్బరిచెట్లున్న మనిషిని పట్టుకుని డబ్బా పాలు అన్నారు. ఆ రోజు నుంచి డబ్బా పెనీనా అని పేరు పడిపోయింది. మార్కెట్లో కొబ్బరికాయలమ్మే ఆవిడ కూడా, నీకెందుకమ్మా కాయలు, కొట్లో డబ్బాలున్నాయిగా అంది."

"అది నేనన్లేదు."

"మొదలెట్టింది మీరు."

"పలచగా ఉందే! తారో ఆకులో చుట్టి కాల్చాక కొబ్బరిపాలు గడ్డకట్టి మీగడలా ఉండాలా వద్దా? నీళ్ళలా కారిపోతోంది. నాలిక అన్నాక రుచి తెలుస్తుంది, నోరు అన్నాక..."

"మెల్లిగా! తప్పయిందని కూర్చున్నవాళ్ళు ఇలా అరుస్తారా?"

"నేను అలా కూర్చోలేదని ఎన్నిసార్లు చెప్పాలే?"

"సరే, కూర్చోలేదు. కదలకుండా కూర్చోకుండా ఉండండి. నేను లోపలికెళ్ళి అమ్మని అడిగొస్తా."

"ఏమనడుగుతావు?"

"చాప ఎత్తమని."

"నేను అడగమన్నానని చెప్పకు!"

"చెప్పను."

"వాన అని చెప్పు."

"చెప్తా."

"ఒసే... ఆవిడ ఏం చేస్తోంది లోపల?"

"కనబడదుగా, తెరలు దించేసింది. ఒక్క సందులోంచి కన్ను మాత్రం కనబడుతోంది. అదిగో, వాకిట్లో ఆరేసిన సియాపో గుడ్డ తడిసి ముద్దయిపోయింది, రంగంతా కారిపోతోంది. చెట్టు బెరడు కొట్టి కొట్టి అమ్మ చేతులు పడిపోయాయి ఆ గుడ్డకి. అది తీసుకోడానికి కూడా బయటికి రాలేదు. బయటికొస్తే మీకు ఎదురుపడాలిగా."

"అయ్యో, ఆ పెద్దదా? తాబేళ్ళ ముగ్గుదా? ... పోతే పోయిందిలే. నాకేం."

*

తెరల లోపల.

"నేను లేనని చెప్పు."

"నీ కన్ను కనబడుతోందమ్మా."

"ఎవరికి?"

"పల్లెకంతటికీ. పూల చొక్కా ఆయన చెయ్యి కూడా ఊపాడు."

"ఆయనెవడే నెత్తిన అరిటాకుతో?"

"అది వేరే కథ. అమ్మా, వెళ్ళి ఆ చాప ఎత్తు."

"ఎందుకెత్తాలి? ఆవిడగారు ఏమంటోంది?"

"ఏమంటుంది... వాన పడిందట."

"ఏంటీ?"

"వాన పడితే చాప కప్పుకుందట. కాలు మడతపడితే కూర్చుందట. కాలు చూసుకోడానికి తల వంచుకుందట."

"ఫ్ఫ్..."

"అమ్మా? నవ్వుతున్నావా?"

"దగ్గొచ్చింది. ఏ కాలట?"

"రెండూనట."

"మెడ బాగా వంచిందా?"

"వంచింది."

"ఇంతా? ఇంతా?"

"ఇంత. గడ్డం మోకాళ్ళకి ఆనుతోంది."

"ఊఁ. ఆ కప్పుకున్నది ఏ చాప? అంచుకి ఎర్ర ఈకలున్నదేనా?"

"అదే. వాళ్ళ అమ్మమ్మది. పొద్దున్నే పెట్టెలోంచి తీసిందట. ఇవాళ చుట్టాలకి చూపిద్దామని తెచ్చా అంటోంది."

"ఆ చాపని నా తమ్ముడి పెళ్ళిలో కూడా బయటికి తియ్యలేదు వాళ్ళు. చుట్టాలకి చూపిద్దామని తెచ్చిందా!"

"చేతిలో అదే ఉందట."

"ఊఁ."

"ఊఁ ఏమిటమ్మా? మావయ్య ఏడుస్తున్నాడు. ఉమూలో అరటికాయలు మాడిపోతున్నాయి. తీసేవాళ్ళు లేరు, అందరూ నీ వాకిట్లో కూర్చున్నారు. చుట్టాలకి మధ్యాహ్నం ఏం పెట్టాలి నేను?"

"వాళ్ళకి డబ్బాల్లో ఏమైనా పెట్టు. డబ్బా పెనీనా పంపిందని చెప్పు."

"అమ్మా!"

"నేను తెల్లారకముందే లేచానే ఆ ఆదివారం. చీకట్లో ఒక్కదాన్నే కొబ్బరి కోరాను. ఆ వారం గాలివానకి ముదురు కాయలు ఒక్కటీ మిగల్లేదు, అన్నీ లేతవి. లేతకాయ పాలు పలచగా కాక ఎలా ఉంటాయి? పదిమందిలో అట్లా అంటే నేనేమని చెప్పను? నోరు తెరిచేలోపు అందరూ నవ్వేశారు. పాస్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. గట్టిగా నవ్వింది ఎవరో తెలుసా? నా పక్కన కూర్చుని, నాతో కలిసి చిన్నప్పట్నుంచి పాటలు పాడినది. అది నవ్వింది."

"అయితే ఆ మాట ఆవిడతోనే చెప్పమ్మా. లేత కాయలని చెప్పు."

"అది అడిగితే చెప్తా. వెళ్ళి కనుక్కో. ఆ రోజు నా పలుసామిలో ఏ పాలు పోశానని అనుకుంటోందో ఇప్పుడు చెప్పమను. నెత్తిన సన్నచాప పెట్టుకుని చెప్పమను."

*

"అత్తయ్యా, నేనే. జరగండి."

"ఏమంది?"

"ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలట. చెప్తే వస్తుంది."

"అడుగు."

"ఆ రోజు పలుసామిలో ఏ పాలు?"

"డబ్బా పాలు."

"అత్తయ్యా!"

"సన్నచాప కింద కూర్చుని అబద్ధం చెప్పమంటావా?"

"ఒక్క చిన్న మాట అత్తయ్యా. అసలైన పాలు అనండి. చాలు. గుమ్మం దాటి రావడానికి అమ్మకి అదొక్కటే కావాలి."

"నాకు రుచి తెలుసు."

"లేత కాయలట. గాలివానకి ముదురువి లేవట. అమ్మ చీకట్లో లేచి ఒక్కతే కోరిందట. చెప్పేలోపు మీరంతా నవ్వేశారట."

"లేతకాయలా?"

"లేతవి."

"లేతకాయ పాలు... అవును. పలచగానే ఉంటాయి. చివర కొంచెం తియ్యగా కూడా... తియ్యగానే ఉందే! తియ్యగా ఉంటే పంచదార డబ్బా పాలనుకున్నా! మరి ఆ రోజే చెప్పొచ్చుగా మహాతల్లి!"

"చెప్పనిచ్చారా?"

"చెప్పనివ్వలేదా?"

"పాస్టరమ్మ పొట్ట పట్టుకుందట. మీరు గట్టిగా నవ్వారట."

"నేను నవ్వితే గట్టిగానే నవ్వుతా. నాకు చిన్నగా నవ్వడం రాదు. అది మీ అమ్మకి తెలుసు. ఒసే, ఆ మోటారు చప్పుడేంటి?"

"చూసొస్తానుండండి... పాస్టరుగారి కారు."

"ఎవరు పిలిచారే ఆయన్ని!"

"ఫోన్లున్నాయిగా అందరికీ. పాస్టరమ్మ కూడా దిగుతోంది. పాస్టరుగారు మావయ్య భుజం మీద చెయ్యి వేశారు. కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన... కాదు, పాట. పాట మొదలెట్టమంటున్నారు."

"ఏ పాట?"

"వినండి."

"అయ్యో, అది ఆ పాట కదే. మేమిద్దరం పాడేది. నేను పై గొంతు, మీ అమ్మ రెండో గొంతు."

"మావయ్య బరువు గొంతు బానే పట్టాడు."

"ఆ రెండో గొంతు పాడేదెవరే? గొర్రె అరిచినట్టుంది."

"పూల చొక్కా ఆయన."

"ఆయనకి భాష రాదుగా!"

"రాదు. నోటికొచ్చింది పాడుతున్నాడు. కానీ చాలా మనసుపెట్టి పాడుతున్నాడు."

"మా వదిన చెవిన పడితే చచ్చిపోతుంది. ఆవిడ చెవి ఎట్లాంటిదో తెలుసా? కోయిర్లో వెనక వరసలో ఎవరైనా ఆవలిస్తే ముందు వరసలోంచే చెప్తుంది ఏ స్వరంలో ఆవలించారో. పాస్టరమ్మ కూడా మొదలెట్టిందా? అదిగో, అది ఇంకా ఘోరం. పై గొంతు అంత లాగితే తెగిపోతుంది."

"అత్తయ్యా, మీరు పాడండి."

"తల వంచి కూర్చున్నవాళ్ళు పాడకూడదు."

"మీరు తల వంచి కూర్చోలేదుగా. కాలు చూసుకుంటున్నారు. కాలు చూసుకుంటూ పాడొచ్చు."

"నీకు లాయరు పని దొరకలేదా? చుట్టాల్ని తిప్పుకుంటూ ఇక్కడ పడున్నావు?"

"పాడండి."

"గొంతు బొంగురుపోయింది, తడిసి."

"పాడండి అత్తయ్యా, ఆ గొర్రె నోరు మూయించడానికైనా."

"... సరే. చెవి అవతలికి తియ్యి. నా గొంతు చిన్నది కాదు."

*

"వినబడుతోందా అత్తయ్యా? ఆపకండి, పాడుతూనే ఉండండి, వింటున్నారా? తెరల లోపల నుంచి. రెండో గొంతు. అమ్మే! పూల చొక్కా ఆయన ఆపేశాడు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పచ్చబొట్టాయన చెట్టుని వదిలేశాడు. ఒక తెర పైకి లేచింది... రెండోదీ లేచింది... అయ్యో ఏడవకండి, శ్రుతి పోతోంది! అమ్మ మెట్లు దిగింది. అడుగు వెయ్యి అమ్మా, అడుగు వెయ్యి. వేసింది. తడిసిన సియాపో మీంచి దాటుకుని వస్తోంది. మావయ్య నేలకి తల ఆనించేశాడు. అత్తయ్యా, నేను పోతున్నా, ఇక ఇక్కడ నాకు చోటు లేదు, అమ్మ వచ్చేసింది, చాప అంచు పట్టుకుంది..."

*

"జరగవే."

"వదినా... చాప ఎత్తాలిగా నువ్వు. లోపలికి దూరతావేంటి?"

"ఎత్తుతాలే. ముందు జరుగు. మోకాళ్ళు పట్టడం లేదు. అబ్బ, ఇదేం ఆవిరే లోపల, ఉమూలో పెట్టినట్టుంది."

"రాళ్ళూ కట్టెలూ కూడా పెట్టాడుగా నీ తమ్ముడు."

"చూశా. తింగరోడు. బయటివాళ్ళు మనిద్దరం ఏడుస్తున్నామనుకుంటున్నారు. కాసేపు అనుకోనీ. లూపే."

"ఊఁ."

"ఏ పాలు?"

"... లేతకాయ పాలు."

"గట్టిగా."

"గట్టిగా అంటే బయటికి వినబడుతుంది."

"డబ్బా అన్నప్పుడు వినబడలేదా?"

"లేతకాయ పాలు! నా వదిన చీకట్లో లేచి కోరిన లేతకాయ పాలు! వినబడిందా అందరికీ? పాస్టరమ్మా, వినబడిందా?"

"అబ్బా, నా చెవి!"

"గట్టిగా అనమన్నావుగా."

"... నువ్వసలు మారవే."

"పై వరసలో నా గొంతు ఒణికింది కదూ ఇందాక?"

"ఒణికింది. నేను పట్టుకున్నాగా కింద నుంచి."

"పట్టుకున్నావు. ... వదినా, రేపు పడవ?"

"పెట్టె కట్టేశాగా."

"నేను వచ్చి విప్పుతా."

"నువ్వే విప్పాలి. కట్టింది నీవల్లేగా. తాడు గట్టిగా బిగించా, గోళ్ళు విరుగుతాయి చూసుకో."

"విరగనీ."

"సరే. ఇక ఈ చాప సంగతి తేల్చేద్దాం."

"ఏం తేల్చాలి?"

"నువ్వు కూర్చున్నది తప్పు ఒప్పుకోడానికైతే, ఈ చాప నాది. నేను ఎత్తాక నా పెట్టెలోకి పోతుంది. అది మన పద్ధతి. వాన కోసమైతే, చాప నీది. మడత పెట్టుకుని ఇంటికి తీసుకుపో. మీ అమ్మమ్మ చాప. ఎర్ర ఈకల చాప. ఏదో ఒకటి చెప్పు."

"ఉండు, తొందరపెట్టకు."

"చెప్పవే. బయట అరటికాయలు మాడుతున్నాయి."

"వాన."

"వానా?"

"వానే వదినా. నిజం. నేనేదో ఇటు పోతుంటే వాన పడింది, కాలు జారింది, చేతిలో ఇదే ఉంది. అంతే. ఇంకేం లేదు."

"అయితే చాప నీది. తీసుకుపో."

"ఉంచుకో."

"వాన అన్నావుగా?"

"వానే. అయినా ఉంచుకో."

"ఎందుకు?"

"తడిసిపోయిందిగా. తడిసిన చాప నేనేం చేసుకోను? నీ ఇంట్లోనే ఆరేసుకో. ఆరాక కూడా నీ ఇంట్లోనే ఉండనీ. ఏం, అట్లా చూస్తావేంటి? చీకట్లో నీ పళ్ళు కనబడుతున్నాయి. నవ్వుతున్నావా?"

"దగ్గు."

"వదినా, వాన అనే చెప్పాలి అందరికీ. పిల్లలు నన్ను చాప లూపే అని పేరు పెడతారు లేకపోతే."

"చెప్తాలే. వాన అనే చెప్తా. డబ్బా పెనీనా, చాప లూపే. బానే ఉంది జత. ఇక లే, చెయ్యి ఇవ్వు. ఎడమ కాలా, కుడి కాలా?"

"రెండూ."

"నా మెడ పట్టుకో. ఆఁ, అట్లా. ఎత్తేస్తున్నా చాప, మొహం తుడుచుకో. ... లూపే."

"ఏంటి మళ్ళీ?"

"నువ్వొచ్చి నా గుమ్మం ముందు కూర్చునేసరికి ఎండ మండిపోతోందే. లేకపోతే నా సియాపో వాకిట్లో ఎందుకు ఆరేస్తాను?"